ఏడాది ప్లాన్ మళ్లీ కట్టాలా, వద్దా?

ప్రశ్న: మా ఓటీటీ ఏడాది ప్లాన్ వచ్చే వారం రెన్యూ అవుతుంది. నిన్న రాత్రి వాచ్ హిస్టరీ తీసి లెక్కేశాను. 12 నెలల్లో 9 సినిమాలు, సగంలో వదిలేసిన 2 సిరీస్‌లు. ఆ 9లో 6 మొదటి రెండు నెలల్లో చూసినవే! ఆ తర్వాత రోజూ కంచం ముందు పెట్టుకుని ఏం చూద్దామా అని రిమోట్ నొక్కడం, ఈలోపు భోజనం అయిపోవడం. తీసేద్దామంటే అమ్మ ఒక సీరియల్ చూస్తుంది. ఏం చేయమంటారు?

జవాబు 1: ముందు ఆటో రెన్యువల్ ఆపండి. మామూలుగా ఆపినా గడువు దాకా చూడొచ్చు. నేనైతే చూడాల్సినవి నాలుగైదు పోగయ్యాక ఒక్క నెలకి కట్టి, అన్నీ చూసేసి మానేస్తాను.

జవాబు 2: మీది 4కే ప్లానా? ముందు టీవీ ఏదో చూసుకోండి. ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080, 4కేలో పిక్సెళ్లు దానికి నాలుగింతలు. నేను రెండేళ్లు 4కేకి కట్టాక తెలిసింది, మా టీవీ ఫుల్ హెచ్‌డీ అని. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

అడిగినవారు: మాది మామూలు ప్లానేనండి. ఇప్పుడే అమ్మను అడిగాను. ఆ సీరియల్ పోయిన నెలే అయిపోయిందట! రెన్యువల్ ఆపేశాను.