బాస్ కొడితే హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి: కెపాసిటర్ పెట్టించాలా, వద్దా?

అనంత_రైడర్:
అన్నా, పాత పెట్రోల్ కారు డిక్కీలో సబ్‌వూఫర్, దాన్ని నడిపే మోనో ఆంప్ (యాంప్లిఫయర్) పెట్టించినా. రాత్రిపూట టవర్ క్లాక్ దగ్గర ఏసీ వేసుకుని ఆగితే, బాస్ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు డిమ్ అవుతున్నాయి. సౌండు పెంచితే ఆంప్ ఆగిపోయి మళ్ళీ వస్తోంది. కాస్త కరెంటు దాచుకుని టక్కున ఇచ్చే ఒక ఫారడ్ కెపాసిటర్ పెడితే అన్నీ సర్దుకుంటాయని షాపులో అంటున్నారు. నిజమేనా?

గండికోట_గేర్:
పెట్టించు. డ్రమ్ దెబ్బకు, ఇంజిన్ తిరుగుతుంటే కరెంటిచ్చే డైనమో అంత తొందరగా అందుకోలేదు. ఆంప్ పక్కనే కెపాసిటర్ ఉంటే ఆ దెబ్బ అది కాచుకుంటుంది. నా కారులో తేడా బాగా తెలిసింది.

బురుజు_బాస్:
ఎంతసేపు కాచుకుంటుందో లెక్క చూద్దాం. ఒక ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 13కి దిగేలోపు ఇచ్చేది 13.5 జౌళ్ళు. ఆంప్ 500 వాట్లు లాగుతుంటే అది 27 మిల్లీసెకన్లకే సరి. మన ఊరేగింపు బీట్లలో బాస్ అంతకంటే చాలాసేపు సాగుతుంది. పైగా ఖాళీ అయిన కెపాసిటర్‌ను మళ్ళీ నింపాల్సింది కూడా ఆ డైనమోనే కదా.

ఇంకో మాట. ఇక్కడ ఉన్నవి రెండు జబ్బులు, షాపువాళ్ళు ఒకే మాత్ర ఇస్తున్నారు. హెడ్‌లైట్ల వైరు వేరు, ఆంప్ వైరు వేరు. ఆంప్ వైరు ఎంత నాసిరకమైనా దానివల్ల లైట్లు డిమ్ కావు. లైట్లు డిమ్ అయ్యాయంటే బ్యాటరీ దగ్గరే వోల్టేజీ పడిపోతోంది, లేదా ఇంజిన్ ఎర్త్ (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే కనెక్షన్) వదులైంది. ఆంప్ ఆగిపోవడం మాత్రం డిక్కీ దాకా వెళ్ళే వైరు వల్లో, దాని ఎర్త్ వల్లో కావచ్చు. మల్టీమీటర్ పట్టుకో. పాట మోగుతుండగా బ్యాటరీ ప్లస్ నుంచి ఆంప్ ప్లస్‌కు, బ్యాటరీ మైనస్ నుంచి ఆంప్ ఎర్త్‌కు విడివిడిగా కొలువు.

గండికోట_గేర్:
లెక్క సరే. కానీ బ్యాటరీ ముందుంది, ఆంప్ వెనకుంది. ఆ దూరం సంగతి?

బురుజు_బాస్:
దూరానికి మందు లావు వైరు. గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావు. 8 గేజ్ రాగి వైరు 5 మీటర్ల మీద 60 ఆంపియర్లు వెళ్తే సుమారు 0.6 వోల్టులు పోతాయి, 4 గేజ్ అయితే పావు వోల్టే. మార్కెట్లో చవగ్గా దొరికేవాటిలో చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియమే, అందులో ఇంకా ఎక్కువ పోతుంది. తీగ కొన గీకి చూడు, లోపల తెల్లగా కనిపిస్తే అదే.

తాడిపత్రి_టర్బో:
బాస్ సంగతి తర్వాత, బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉందా లేదా? ఆంప్ మీదుండే ఫ్యూజు ఆంప్‌నే కాపాడుతుంది. వైరు మధ్యలో ఒరిసి బాడీకి తగిలితే మంటలే. బ్యాటరీకి జానెడు, రెండు జానల లోపు పెట్టించు.

అనంత_రైడర్:
ఫ్యూజు ఉందన్నా. ఐడ్లింగ్‌లో, ఏసీ మీద: బ్యాటరీ 12.8, ఆంప్ దగ్గర 11.3. ప్లస్ వైరులో 0.6, ఎర్త్‌లో 0.9 పోతోంది. రేస్ ఇచ్చి 2000 ఆర్‌పీఎమ్‌లో పెడితే బ్యాటరీ 13.7. ఎర్త్‌ను సీటు బెల్టు బోల్టుకు, పెయింటు మీదే బిగించారు.

బురుజు_బాస్:
ఇంకేం, దొరికింది. సీటు బెల్టు బోల్టు ప్రాణం కాపాడేది, దాన్ని ముట్టకూడదు. దగ్గర్లో బాడీ రేకు మెరిసేదాకా పెయింటు గీకి, ప్లస్ వైరంత లావు వైరుతో ఎర్త్ కొట్టించు. లైట్ల సంగతి వేరే. ఇంజిన్ నడుస్తూ బ్యాటరీ 12.8 చూపిస్తోందంటే ఐడ్లింగ్‌లో డైనమో చాలట్లేదు. ఏసీ ఫ్యాను, హెడ్‌లైట్లు, ఆంప్ అన్నీ దాని నెత్తినే ఉన్నాయి. మన ఎండలకు వేడెక్కిన డైనమో ఇంకా తక్కువే ఇస్తుంది. ముందు బెల్టు, బ్యాటరీ టెర్మినళ్ళు, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ పట్టీ చూపించు. అవన్నీ బాగుంటే సిగ్నల్లో సౌండు తగ్గించుకో, లేదా పెద్ద డైనమో వేయించు.

గండికోట_గేర్:
అయితే ఎర్త్ మార్చి మళ్ళీ రీడింగ్ పెట్టు తమ్ముడూ. బ్యాటరీకీ ఆంప్‌కీ తేడా అర వోల్టు లోపు వస్తే నీ కారు విషయంలో కెపాసిటర్ మాట ఎత్తను. నా దాన్ని మాత్రం తీయను.