ఎల్లవేళలందు దీనితోఁ దెరువుము: ‘తో’నా, ‘తోనే’నా?

అరసున్న:
పాత తెలుగు ఇంటర్‌ఫేస్ ఒకదానిలో ‘ఓపెన్ విత్’ పెట్టె అడుగున, టిక్కు గడి పక్కన ఉండిన వాక్యం సగమే గుర్తుంది. “ఈ రకపు దస్త్రాలను ఎల్లవేళలందు దీనితో… తెరువుము.” చుక్కల దగ్గరే పేచీ. ‘దీనితోఁ దెరువుము’ అనా, ‘దీనితోనే తెరువుము’ అనా? ఒకే సాఫ్ట్‌వేర్‌వి రెండు వెర్షన్లు పక్కపక్కన ఉన్న కంప్యూటర్ల కోసం రాసే సహాయపత్రంలో ఈ ‘నే’ ఉంచాలో తీసేయాలో తేల్చాలి. పూర్తి పాఠం ఎవరికైనా గుర్తుందా?

యతిమైత్రి:
‘నే’ లేదండీ. ఛందస్సే చెబుతోంది. ఎల్ల / వేళ / లందు: మూడూ గలాలు, అంటే మూడు సూర్యగణాలు. దీనితోఁ: రగణం. దెరువుము: నలం (నాలుగు లఘువులు). మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. నికార్సయిన ఆటవెలది మొదటి పాదం. ‘తోనే’ పెడితే దీనితో / నేతెరు / వుము అని రెండు లఘువులు మిగిలిపోతాయి. అనువాదకుడి చెవిలో ఆటవెలది నడక ఉందనే నా నమ్మకం.

శకటరేఫం:
గణాలు కుదిరాయి సరే, యతి ఏదీ? మొదటి అక్షరం ‘ఎ’, నాలుగో గణం మొదట ‘దీ’. అచ్చుకు హల్లుతో మైత్రి లేదు. ప్రాసయతి (రెండో అక్షరాల మైత్రి) అందామా అంటే ఒకచోట ‘ల్ల’, మరోచోట ‘ని’. యతి లేని ఆటవెలది పాదాలు మనం మాట్లాడే వచనంలో పూటకు పది దొర్లుతాయి, దాన్ని ఆధారం అనలేం.

అసలు ముందు చూడాల్సింది ‘తెరువుము’లోని రేఫను. తెరువు అంటే దారి, బతుకుతెరువులోని తెరువు. తలుపు తీసే క్రియ తెఱచు, బండి ఱ. తమిళంలోనూ వీధికి మామూలు ర, తెరవడానికి బండి ఱ. కాబట్టి పాత పాఠం ‘తెఱవుము’ అయి ఉండాలి. నడచు నడవుము అయినట్టు, తెఱచు తెఱవుము అవుతుంది.

యతిమైత్రి:
తెఱవుము అన్నా నాలుగు లఘువులే. నా పాదానికి ఏమీ కాలేదు.

మూలకోడ్:
ఛందస్సు సంగతి మీరు చూసుకోండి. ‘నే’ ఎందుకు ఉండకూడదో అర్థం వైపు నుంచి చెబుతాను. ‘దీనితోనే’ అంటే ఇంకదేనితోనూ కాదని. డిఫాల్ట్ (వేరే చెప్పకపోతే తెరిచే ప్రోగ్రాం) అలాంటిది కాదు. విండోస్ 11లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ‘ఓపెన్ విత్’, ‘చూజ్ అనదర్ యాప్’ నొక్కి, ప్రోగ్రాం ఎంచుకుంటే కింద రెండు బటన్లు ఉంటాయి: ‘ఆల్వేస్’, ‘జస్ట్ వన్స్’. ఆల్వేస్ నొక్కాక కూడా రేపు అదే మెనూలోంచి ఇంకో ప్రోగ్రాంతో ఒక్కసారికి తెరవొచ్చు. డబుల్ క్లిక్‌కు ఏది పలకాలన్నదే అక్కడ తేలేది.

అంతకన్నా పెద్ద చిక్కు ‘దీని’ అన్న మాటలో ఉంది. ఒకే సాఫ్ట్‌వేర్ పాత, కొత్త వెర్షన్లు రెండు ఫోల్డర్లలో ఉన్నాయనుకోండి. రెంటిలోనూ ఎగ్జిక్యూటబుల్ (ప్రోగ్రాంను నడిపే ఫైలు) పేరు ఒకటే. విండోస్ ఈ ప్రోగ్రాంలను రిజిస్ట్రీలో (తన అమరికల పట్టికలో) ‘అప్లికేషన్స్’ అనే కీ (ఫోల్డర్ లాంటి అర) కింద ఉత్త ఫైలు పేరుతోనే రాసుకుంటుంది, ఫోల్డర్ దారితో కాదు. పాత వెర్షన్ ముందే నమోదై ఉంటే, మీరు బ్రౌజ్ చేసి కొత్తదాన్ని చూపించినా జాబితాలో రెండో వరుస రాదు. ఆల్వేస్ నొక్కుతారు, డబుల్ క్లిక్ చేస్తారు, మళ్లీ పాతదే తెరుచుకుంటుంది. ‘దీనితో’ అని వేలు చూపించింది పేరును, ఆ పేరు రెండింటిదీ.

గళ్ళనుడికట్టు:
మరి దిద్దడం ఎలా?

మూలకోడ్:
ముందు సులువైనది. ఆ సాఫ్ట్‌వేర్‌కే సొంత నమోదు ఆదేశం ఉందేమో చూడండి. 3డీ బొమ్మల ప్రోగ్రాం బ్లెండర్‌కు ఉంది: మీకు కావలసిన వెర్షన్ ఫోల్డర్‌లోంచి దాన్ని ‘రిజిస్టర్’ ఆప్షన్‌తో నడిపితే బ్లెండ్ ఫైళ్లు ఆ వెర్షన్‌కు వెళ్తాయి.

అది లేకపోతే రిజిస్ట్రీ ఎడిటర్. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, క్లాసెస్, అప్లికేషన్స్, ఆ ఎగ్జిక్యూటబుల్ పేరు, షెల్, ఓపెన్, కమాండ్. ముట్టుకునే ముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. అక్కడి డిఫాల్ట్ విలువలో పాత దారి కనిపిస్తుంది, దాన్ని కొత్త వెర్షన్ దారిగా మార్చండి. కరెంట్ యూజర్ కింద ఆ కీ లేకపోతే లోకల్ మెషీన్ కింద ఉంటుంది. రెండుచోట్లా ఉంటే కరెంట్ యూజర్‌దే చెల్లుతుంది.

దారికి ఒక జత కోట్ గుర్తులు, ఖాళీ, ఆపైన %1కి (తెరవాల్సిన ఫైలు పేరు చేరే చోటుకు) విడిగా ఇంకో జత. ఎక్కువగా తప్పేది ఇక్కడే. %1 చుట్టూ కోట్లు లేకపోతే పేరులో ఖాళీ ఉన్న ఫైలు రెండు ముక్కలుగా ప్రోగ్రాంకు చేరుతుంది, ‘ఫైలు దొరకలేదు’ అంటుంది. పేరులో ఖాళీ లేని ఫైళ్లు మాత్రం చక్కగా తెరుచుకుంటాయి కాబట్టి తప్పు ఎక్కడుందో వెంటనే అంతుపట్టదు.

మీ డిఫాల్ట్ ఎంపిక ఉండే ‘యూజర్ ఛాయిస్’ అనే కీని మాత్రం చేత్తో మార్చకండి. విండోస్ 8 నుంచి అందులో ప్రోగ్ఐడీ (ప్రోగ్రాం నమోదైన పేరు) పక్కన ఒక హ్యాష్ (సరిచూసే సంకేతం) ఉంటుంది. అది సరిపోలకపోతే మీ ఎంపికను విండోస్ పక్కన పెట్టేస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఫైలు రకాన్ని ప్రోగ్రాంకు కట్టే అసోక్, ఎఫ్‌టైప్ ఆదేశాలతో మార్చినా యూజర్ ఛాయిస్ ఉన్నంతవరకు అదే గెలుస్తుంది. ఆదేశం విజయవంతంగా నడుస్తుంది, ఫైలు మాత్రం పాతదానిలోనే తెరుచుకుంటుంది.

పాతపాఠం:
మూలకోడ్ గారూ, ఇప్పుడే మీరు ‘పాతదానిలోనే తెరుచుకుంటుంది’ అన్నారు, పాతదానితోనే అనలేదు. జనం నోట ఉన్నది ‘వర్డ్‌లో ఓపెన్ చెయ్యి’. కనుక అరసున్న గారి వాక్యంలో తగాదా పడాల్సింది తో, తోనేల మధ్య కాదు, తో, లోల మధ్య. ‘ఎల్లవేళలందు దీనిలోఁ దెరువుము’ అయి ఉండొచ్చు. యతిమైత్రి గారి గణాలకూ భంగం లేదు.

శకటరేఫం:
లో కుదరదు. ప్రోగ్రాం పనిముట్టు. కత్తితో కోస్తాం, కలంతో రాస్తాం.

పాతపాఠం:
కత్తి కోసి ఊరుకుంటుంది, కోసిన కాయ కత్తిలో ఉండదు. ఫైలు తెరిచాక ప్రోగ్రాం కిటికీలోనే ఉంటుంది. ఏ ప్రత్యయం ఎక్కడ వాడాలో పోతనను అడగండి. “ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై యెవ్వనియందు డిందు.” పుట్టడానికి చే, ఉండడానికి లోపల, అణగిపోవడానికి అందు. మూడు పనులు, మూడు ప్రత్యయాలు, ఒక్కటీ ఇంకోదాని చోట నిలవదు. ఉత్పలమాలలో వ్వ ప్రాసను పట్టుకొని నడుస్తూ ఇంత తూకంగా చెప్పడం ఆయనకే చెల్లింది.

అరసున్న:
అదే పద్యంలో ముందుకు వెళ్తే “సర్వముఁ దానయైన వాఁడు” ఉంది. సర్వమున్, తాన, ద్రుతం (చివరి న్) మీది పరుషం సరళమై తా కాస్తా దా అయింది. ‘తోన్’ కూడా ద్రుతాంతమే కనుక ‘తోఁ దెరువుము’ అన్న నా గుర్తుకు ఇది బలం. తెరువుము అని ముగించేటంత గ్రాంథికం తెలిసినవారు ఈ సంధిని వదలరు.

యతిమైత్రి:
ఆ పద్యంలో నన్ను పట్టుకునేది వేరే. ప్రశ్నలన్నీ ‘ఎవ్వఁడు’ అనే నడుస్తాయి, పేరు ఎక్కడా రాదు. చివర శరణు వేడేది కూడా ఆ పేరు చెప్పని వాడినే. ‘ఆత్మభవు నీశ్వరు’ దగ్గరికి వచ్చేసరికి గొంతు దానంతట అదే దిగుతుంది.

గళ్ళనుడికట్టు:
డిఫాల్ట్‌కు తెలుగు స్థానికీకరణల్లో ‘అప్రమేయం’ అని వాడారు కదా. అది విష్ణువు విశేషణం, కొలతకు అందనివాడని. దాన్ని ఇక్కడికి ఎందుకు తెచ్చారో?

పాతపాఠం:
మన ప్రమేయం లేకుండా జరిగేదని కాబోలు. వాడుకలో ప్రమేయం అంటే జోక్యం కదా. సంస్కృతపు అర్థం పట్టుకుంటే అన్వయం కుదరదు, వాడుక అర్థం పట్టుకుంటే చక్కగా కుదురుతుంది. ఆ మాట నాకు నచ్చుతుంది.

మూలకోడ్:
నచ్చినా, వెర్షన్ల దగ్గర ఆ అర్థం సగమే చెల్లుతుంది. ఎవరి ప్రమేయమన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ప్రోగ్రాంలు రాయడానికి వాడే విజువల్ స్టూడియో సొల్యూషన్ ఫైళ్లు నేరుగా ఏ వెర్షన్‌కూ కట్టి ఉండవు. ‘వెర్షన్ సెలెక్టర్’ అనే చిన్న ప్రోగ్రాంకు వెళ్తాయి, అది ఫైలు తలభాగం చదివి తగిన వెర్షన్‌ను పిలుస్తుంది. అక్కడ నిర్ణయం ఫైలుది. పైథాన్‌కూ విండోస్‌లో అలాంటి లాంచర్ ఉంది. స్క్రిప్టు మొదటి వరుసలో #! తర్వాత వెర్షన్ రాసి ఉంటే దాన్ని పాటిస్తుంది, లేకపోతే పీవై_పైథాన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను (విండోస్‌లో పేరు పెట్టి దాచే అమరికను) చూస్తుంది. ఆటోక్యాడ్ డీడబ్ల్యూజీ (డ్రాయింగ్) ఫైళ్లకూ లాంచరే, అది కిందటిసారి నడిపిన వెర్షన్ వైపు మొగ్గుతుంది. ఇలాంటి ఫైళ్లను లాంచర్ నుంచి విడదీసి నేరుగా ఒక వెర్షన్‌కు కట్టేస్తే, ఆ ఎంపిక సౌకర్యమే పోతుంది.

ఎమ్మెస్ ఆఫీసు రెండు వెర్షన్లు పెట్టేవారు పాతది ముందు, కొత్తది తర్వాత ఇన్‌స్టాల్ చేయాలి. డాక్ఎక్స్‌కు కనిపించే ప్రోగ్ఐడీ ‘వర్డ్.డాక్యుమెంట్.12’. ఆ 12 ఆఫీసు 2007 లోపలి సంఖ్య, ఆ ఫార్మాట్ దానితోనే వచ్చింది. లోపలి సంఖ్య 16 అయిన ఆఫీసుకూ అదే ప్రోగ్ఐడీ. కాబట్టి ప్రోగ్ఐడీని చూసి ఏ వెర్షన్ తెరుస్తుందో చెప్పలేం, కమాండ్ కీలోని దారే చూడాలి.

శకటరేఫం:
మ్యాక్‌లో ఈ తేడా మెనూ మాటల్లోనే ఉంది. ఫైలును ఎంచుకొని కమాండ్, ఐ నొక్కితే వచ్చే కిటికీలో ‘ఓపెన్ విత్’ దగ్గర ప్రోగ్రాం మార్చి ‘ఛేంజ్ ఆల్’ నొక్కితే ఆ రకం ఫైళ్లన్నిటికీ. ఆప్షన్ మీట పట్టుకొని రైట్ క్లిక్ మెనూ తెరిస్తే ‘ఓపెన్ విత్’ కాస్తా ‘ఆల్వేస్ ఓపెన్ విత్’ అవుతుంది, అది ఆ ఒక్క ఫైలుకే. కనుక ‘ఎల్లవేళలందు’ వేరు, ‘ఈ రకపు దస్త్రాలన్నిటినీ’ వేరు. అరసున్న గారి వాక్యంలో రెండూ ఉన్నాయి కాబట్టి అది మ్యాక్ పద్ధతికి చెందింది కాదు.

రెండు వెర్షన్లకూ బండిల్ ఐడెంటిఫయర్ (ప్రోగ్రాం లోపలి గుర్తింపు పేరు) ఒకటే అయితే అక్కడా ఎంపిక ఇంకో వెర్షన్‌కు జారిపోతుంది. తెరవకూడని వెర్షన్‌ను జిప్ చేసి పెట్టుకోవడం నమ్మకమైన ఉపాయం.

పాతపాఠం:
లినక్స్‌లో ‘దీని’ అన్న మాటకు కచ్చితమైన చిరునామా ఉంది. ప్రతి వెర్షన్‌కూ విడిగా ఒక డెస్క్‌టాప్ ఫైలు (ప్రోగ్రాం వివరాలుండే చిన్న ఫైలు) రాసి, హోమ్‌లోని .లోకల్/షేర్/అప్లికేషన్స్‌లో పెట్టాలి. రెండింటికీ ఫైలు పేరు, ‘నేమ్’ వరుస వేరుగా ఉండాలి. ‘ఎగ్జెక్’ వరుసలో ఆ వెర్షన్ పూర్తి దారి, చివర %f (తెరవాల్సిన ఫైలు చేరే చోటు). ‘మైమ్‌టైప్’ (ఫైలు రకం) వరుస మరవకూడదు. తర్వాత ఎక్స్‌డీజీ-మైమ్ డిఫాల్ట్ ఆదేశానికి ఆ డెస్క్‌టాప్ ఫైలు పేరు, మైమ్ రకం ఇస్తే .కాన్ఫిగ్‌లోని మైమ్‌యాప్స్ జాబితాలో చేరుతుంది. %f మరిచిపోతే ప్రోగ్రాం తెరుచుకున్నా, ఫైలు తెరుచుకోకపోవచ్చు. అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ ఇక్కడ పనికిరాదు, అది టెర్మినల్‌లో కొట్టే ఆదేశాల పేర్లకు.

గళ్ళనుడికట్టు:
అలాగైతే సహాయపత్రంలో ‘దీనితో’ను వదిలేసి సంఖ్యే రాస్తే? ‘ఈ రకపు ఫైళ్లను ఇకపై 4.2తో తెరువు.’

మూలకోడ్:
నాకు సమ్మతమే. పక్కనే ఇంకో వాక్యం కూడా కావాలి: కొత్త వెర్షన్‌లో భద్రపరిచిన ఫైలును పాతదానిలో తెరిచి మళ్లీ సేవ్ చేస్తే, పాతదానికి తెలియని అంశాలు రాలిపోవచ్చు. డబుల్ క్లిక్‌కు ఏది పలుకుతుందో జాగ్రత్త పడమనేది అందుకే.

శకటరేఫం:
4.2తో అని అంకెకు ప్రత్యయం అతికించకూడదు. ‘4.2 వెర్షన్‌తో’ అనాలి. బిందువు పలికేదెలా? ‘నాలుగు పాయింట్ రెండుతో’ అనా, ‘నాలుగున్నర’ లాంటి భిన్నం అనా?

యతిమైత్రి:
భిన్నం కాదండీ. వెర్షన్ సంఖ్యల్లో బిందువు దశాంశం కాదు. 4.10 వచ్చేది 4.9 తర్వాత, అది 4.1కి సమానం కాదు. ‘నాలుగు, పది’ అని విడదీసి చదవాలి. అలా చదివితే ప్రత్యయం చివరి అంకెకు అతుకుతుంది, ‘పదితో’ అని. నాకైతే అభ్యంతరం కనిపించడం లేదు.

శకటరేఫం:
‘పదితో’ అంటే పది ప్రోగ్రాంలతో తెరవమన్నట్టు వినబడుతుంది.

అరసున్న:
‘నాలుగు-పదవ వెర్షన్‌తో’ అనొచ్చునా? తో ఉంటుంది, నే మాత్రం ఇంకా తేలలేదు.

పాతపాఠం:
పూరణార్థకం ‘అవ’ చివరి అంకెకే చేర్చాలా, రెండింటికీనా? ‘నాలుగవ పదవ’ అన్న ప్రయోగం ఎక్కడైనా కనబడితే చెప్పండి.