సండే స్కూల్ పిల్లలకి బానిసత్వం రద్దు గురించి ఎలా చెప్పాలి?

అందరికీ వందనాలండి. సండే స్కూల్‌లో చిన్నపిల్లలకి బానిసల వ్యాపారానికి వ్యతిరేకంగా పోరాడిన బ్రిటిష్ ఎంపీ విల్బర్‌ఫోర్స్ గురించి చెప్తున్నా, 1807లో బ్రిటన్ బానిసల వ్యాపారం ఆపడం, బానిసత్వాన్నే రద్దు చేసిన 1833 చట్టం ఇవన్నీ బానే విన్నారు గానీ ఒక పాప లేచి "మరి బానిసల్ని కొన్నవాళ్లు కూడా చర్చికి వెళ్లేవాళ్లే కదా టీచర్?" అనేసింది. నిజమే మరి, బైబిల్లో "దాసులారా, యజమానులకు లోబడండి" అనే ఎఫెసీ పత్రిక మాట చూపించి నోరెత్తకుండా పని చేయించుకున్నవాళ్లూ ఉన్నారు, పైగా ఆ 1833 చట్టంలో నష్టపరిహారం 2 కోట్ల పౌండ్లు యజమానులకే, బానిసలకి పైసా లేదు. ఇది దాచిపెట్టడం నాకిష్టం లేదు. బానిస ఒనేసిముని సోదరుడిలా చేర్చుకోమని పౌలు రాసిన ఫిలేమోను పత్రికతో మొదలుపెట్టనా, లేక బానిసగా ఉండి, తన విడుదల తనే కొనుక్కుని, బానిసల వ్యాపారంపై పోరాడిన ఈక్వియానో కథ ముందు చెప్పనా? ఓడల్లో గొలుసుల సంగతి ఈ వయసుకి ఎంతవరకు చెప్పొచ్చు? ఇలాంటి క్లాస్ తీసుకున్నవాళ్లుంటే కాస్త చెప్పండి ప్లీజ్.