చేవెళ్ల దగ్గర పాత గిర్ని ఇల్లు: "ఇంకా డెవలప్ చేసుకోవచ్చు" అంటున్నారు, కొనొచ్చా?

మెహిదీపట్నం బాల్కనీ
అందరికీ నమస్తే. పదిహేనేళ్లుగా లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంటున్నాం. నాన్నకి మోకాళ్ల నొప్పులు, అమ్మకి మొక్కల పిచ్చి. చేవెళ్ల వైపు ఒక ఊళ్లో పాత రైస్ మిల్లును ఇల్లుగా మార్చింది చూశాం. 900 గజాలు. ముందు వడ్లు ఆరబోసిన సిమెంటు గచ్చు, వెనక రెండు వేపచెట్లు. మిల్లు నడిచిన చోటే ఇప్పుడు హాలు, ఎత్తు ఇరవై అడుగుల పైనే. ఒక పక్క మంచెలాగా పై గది వేశారు. ఇనప షాఫ్టు, రెండు పుల్లీలు పైన అలాగే ఉంచారు. మావాడు వాటిని చూసి ఇక ఇంటికి రానన్నాడు.

బ్రోకర్ మాటకి ముందోసారి, వెనకోసారి "స్కోప్ ఉంది సార్" అంటున్నాడు. పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చట, గచ్చు మీద రెండు కాటేజీలు కట్టి వీకెండ్‌కి అద్దెకిచ్చుకోవచ్చట. ఇలాంటివి కొన్నవాళ్లు, ఉంటున్నవాళ్లు ఉంటే చెప్పండి.

గిర్నోళ్ల మనవరాలు
మా తాతది గిర్ని. మూతపడ్డాక బాబాయి అందులోనే కాపురం పెట్టాడు. గిర్ని ఇంటిని ముందు ముక్కుతో చూడాలండీ. తవుడు బరువులో 15 నుంచి 20 శాతం దాకా నూనే. ఏళ్ల తరబడి ఆ తవుడు పడ్డ బండలు నూనె తాగి ఉంటాయి. బాబాయి పాలిషర్ (బియ్యం మీది తవుడు తీసే మెషీన్) ఉన్న చోట వంటిల్లు పెట్టుకుని, ఆ బండల మీదే టైల్స్ వేయించాడు. ఆర్నెల్లకు కాలితో తడితే డబ్ డబ్ అని బోలు చప్పుడు. ఎండాకాలం మధ్యాహ్నం తలుపులేసి ఉంచితే నూనె మక్కిన వాసన. చివరికి బండలన్నీ పెకలించి, కింద జానెడు మట్టి తోడిపోసి కొత్తగా వేస్తే గానీ పోలేదు.

మీరు రెండింటికి, మంచి ఎండలో వెళ్లండి. తలుపులు మూయించి పది నిమిషాలు కూర్చోండి. అగరొత్తులు వెలిగించి ఉంటే అనుమానించండి.

మెహిదీపట్నం బాల్కనీ
వెలిగించే ఉన్నాయి. పూజ చేసుకున్నారేమో అనుకున్నాను.

ఈసీ చూశారా
చేవెళ్ల వైపు అంటే ఏ ఊరో ముందు అది తేల్చుకోండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్లు, 84 గ్రామాలు, అక్కడ కట్టడాలకు ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో. "2022లో 69 జీవోతో ఎత్తేశారు కదా" అంటాడు బ్రోకర్. జలాశయాల నీళ్లు పాడవకూడదన్న షరతు కూడా ఆ జీవోలోనే ఉంది, అది మాత్రం చెప్పడు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయాలవి, ఊళ్లో తాగునీళ్లకు పనికొచ్చినవి. మీ కాటేజీల మురుగు ఎటు పోతుందో చెప్పలేకపోతే ఆ స్కోప్ కాగితం మీదే.

పహాణీలో ఆ సర్వే నంబర్ ఏమని ఉంది? పాత మిల్లుల్లో కొన్నిటికి నాలా కన్వర్షన్, అంటే వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చిన అనుమతి, ఉండదు. రికార్డులో వ్యవసాయ భూమి, నేల మీద ఇల్లు. మా మేనమామ కొన్నది అలాంటిదే. మిల్లు గోడల మధ్య స్థలానికి రైతుబంధు డబ్బులు పడితే మహా సంతోషించాడు. తర్వాత లోన్‌కి వెళ్తే బ్యాంకువాళ్ల లెక్కలో ఇల్లే లేదు, పొలం ఉంది. బిల్డింగు ఒక కాగితంలో, గచ్చు ఇంకో కాగితంలో ఉన్న కేసు కూడా చూశాను. ఒకటి గ్రామకంఠం (ఊరి నివాస స్థలం), ఒకటి పట్టా.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే సర్టిఫికెట్, ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. బ్యాంకు తాకట్లు నమోదయ్యే సెర్సాయ్ రిజిస్ట్రీలో కూడా వెతకండి, అప్పు లేకుండా నడిచిన మిల్లును నేను చూడలేదు. ఇంకోటి, మిల్లు ఎప్పుడు మూతపడింది? ఈ మధ్యే అయితే సీఎంఆర్ (సర్కారు వడ్లు ఆడించి ఇవ్వాల్సిన బియ్యం) బాకీ ఉందేమో అడగండి. సర్కారు వడ్లు తీసుకుని బియ్యం తిరిగివ్వకపోతే రెవెన్యూ రికవరీ చట్టం కింద ఆస్తి మీదికే వస్తారు.

తాపీమేస్త్రి కొడుకు
పై అంతస్తు మాట తర్వాత భయ్యా, ముందు ఆ మంచె గది దేని మీద ఆనిందో చూడండి. గిర్ని గోడ అడుగున్నర మందంతో కోటగోడలా కనిపిస్తుంది. లోపల చూస్తే రాయీ మట్టీ, పైన సున్నం పూత. రేకుల కప్పు మోయడానికి కట్టిన గోడ అది, స్లాబు మోయడానికి కాదు. ఇనప దూలాలు గోడలోకి దూర్చి ఉంటే వద్దు. నేల నుంచి సొంత పునాదితో స్తంభాలు లేచి ఉంటే పర్లేదు.

కప్పు కింద దాన్ని మోసే త్రికోణపు చట్రం, ట్రస్ ఉంటుంది కదా, దాని అడుగున అడ్డంగా పోయే బద్దె ఉందా? పై గదిలో తలకి తగులుతోందని దాన్ని కోసేస్తుంటారు. రెండు గోడల్నీ పట్టి ఉంచేది అదే. పోయిందంటే కప్పు కాళ్లు చాపి గోడల్ని బయటికి తోస్తుంది. శంకర్‌పల్లి వైపు ఒక ఇంట్లో ఇలాగే కిటికీ మీద పగులు వచ్చింది. నాన్న ఆ పగులుకు అడ్డంగా సన్నటి గాజుముక్క అతికించి, పక్కన పెన్సిల్‌తో తేదీ వేశాడు. మూడో వారం వెళ్లేసరికి గాజు రెండు ముక్కలై ఉంది. పగులు ఇంకా నడుస్తోందని అర్థం. ఆ ఓనర్ అప్పటికే నాలుగుసార్లు పుట్టీ పెట్టి పెయింట్ వేయించాడు.

మోకాలి ఎత్తు దాకా పెయింటు పొక్కులు లేచి ఉంటే సున్నం గోడకి సిమెంటు పూశారని అనుకోవచ్చు. సున్నం తేమను వదిలేస్తుంది, సిమెంటు లోపలే బిగించేస్తుంది.

తెనాలి టు కూకట్‌పల్లి
మేం మిల్లు అంటాం, మీరు గిర్ని అంటారు, ఎలుకలు మాత్రం రెండు చోట్లా ఒకటే. పైన ఉన్నవి పాత సిమెంటు రేకులైతే ఆస్బెస్టాస్ ఉంటుంది, డ్రిల్లింగ్ చేయించకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఊక గదిని బెడ్రూమ్ చేశారేమో కూడా కనుక్కోండి.

శనివారం రైతు
నేను భువనగిరి వైపు ఇలాంటిదే కొని మూడేళ్లు. ఉండటానికి బాగుంటుంది, అబద్ధం చెప్పను. ఆ ఎత్తుకి మే నెల రాత్రుల్లో కూడా గాలి ఆడుతుంది. కానీ మీ ఇంట్లో ఎలివేటర్ గుంత ఏం చేశారు? వడ్లు పైకెత్తే బకెట్ ఎలివేటర్ అడుగుభాగం నేల కింద ఉంటుంది. నా దాంట్లో గుంత ఆరడుగులు. పాత ఓనర్ పూడ్చలేదు, పైన చెక్క పరిచి, దాని మీద వినైల్ షీటు, దాని మీద సోఫా. మొదటి ఆగస్టులో రాత్రి హాల్లో కప్పలు బెకబెక. టీవీ ఆపినా ఆగలేదు. సోఫా జరిపి చెక్క ఎత్తితే సగం దాకా నీళ్లు. గచ్చు వాలు ఇంటివైపు ఉంది, వాన మొత్తం అక్కడికే.

కరెంటు: మిల్లు మీటరు ఎల్‌టీ-3, అంటే పరిశ్రమల కేటగిరీ. ఇంటి కేటగిరీకి మార్చారో లేదో బిల్లు చేతికి తీసుకుని చూడండి. నాకు పాత బకాయి నెత్తిన పడింది. నిబంధనల్లో ఉంటే కొత్త ఓనర్ దగ్గర వసూలు చేయొచ్చని 2023లో సుప్రీంకోర్టే చెప్పిందని లాయరు అన్నాడు, కట్టేశాను.

మెహిదీపట్నం బాల్కనీ
అప్‌డేట్. మొన్న వాన వెలిశాక నాన్నను తీసుకుని మళ్లీ వెళ్లాను. ట్రస్ బద్దె రెండు చోట్ల ఉంది, మంచె గది దగ్గర లేదు. కోసిన మొనలకి నల్ల రంగు వేసి పూలకుండీ వేలాడదీశారు. పొక్కులు ఉన్నాయి. నాన్న చేతికర్రతో హాలంతా తట్టుకుంటూ నడిచారు. దివాన్ కాట్ కింద మోత మారింది.

బ్రోకర్‌ని అడిగితే "సంపు చేసుకోవచ్చు సార్, స్కోప్ ఉంది" అన్నాడు.

గిర్నోళ్ల మనవరాలు
అగరొత్తులు?

మెహిదీపట్నం బాల్కనీ
ఈసారి సాంబ్రాణి. భూమి ధర మాత్రమే ఇస్తామని చెప్పి వచ్చాం, టోకెన్ ఇవ్వలేదు. మావాడు మాత్రం పుల్లీ ఒక్కటైనా కొనమంటున్నాడు.