కాలువ కట్టేశాక టీడీఎస్ పెరిగింది, మెంబ్రేన్ మార్చాలా?

ప్రశ్న, రాజోలు నుంచి:
మాది ఆర్వో (నీళ్లు శుద్ధి చేసే మిషను), 75 జీపీడీ (రోజుకి 75 గ్యాలన్లు) మెంబ్రేన్ (ఉప్పును ఆపే పొర). కాలువ నీళ్లున్నప్పుడు లోపలికెళ్లే నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల కొలత) 210, గ్లాసులోకొచ్చేది 25. కాలువ కట్టేశారు, పది రోజులుగా బోరే దిక్కు. ఇప్పుడు గ్లాసులో 150 చూపిస్తోంది. మెంబ్రేన్ పోయింది, ఫిల్టర్లతో సహా మొత్తం సెట్టు మార్చాలంటున్నాడు మెకానిక్. సెట్టు వేసి 14 నెలలు. లీటరు సీసా 5 నిమిషాల్లో నిండేది, ఇప్పుడు 8 పడుతోంది. అన్నీ మార్చాల్సిందేనాండీ?

జవాబు, భీమవరం నుంచి:
బోరు టీడీఎస్ చెప్పకుండా 150 అంటే ఏమీ తేలదండీ. మెంబ్రేన్ ఆపేది శాతం లెక్కన. 210లో 25 దాటిందంటే 88 శాతం ఆపినట్టు. ఇప్పుడూ అదే లెక్క కట్టండి. టీడీఎస్ అడ్జస్టర్ (మంచినీళ్లలో కొంత పచ్చి నీరు కలిపేది) స్క్రూ పూర్తిగా మూసేయండి, లేకపోతే పచ్చి బోరు నీరు కలిసి అంకె తప్పుతుంది. మిషను 5 నిమిషాలు నడిపి ఆ నీళ్లు పారబోసి, తర్వాతి నీళ్లు కొలవండి. రాత్రంతా ఆగి ఉన్న మెంబ్రేన్‌లో ఉప్పు అటు నుంచి ఇటు దిగుతుంది, మొదటి గ్లాసు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. 80 శాతం పైన ఉంటే వాడుకోవచ్చు. 75 కిందికి జారితే మార్చండి.

రాజోలు:
బోరు 940. స్క్రూ మూశాక గ్లాసులో 118.

భీమవరం:
87 శాతం. మెంబ్రేన్ బాగుంది. మారింది నీళ్లు.

మరో జవాబు, పాలకొల్లు నుంచి:
ఇక ధార సంగతి. ఉప్పు నీటికి ధార కొంచెం తగ్గుతుంది గానీ, 5 నిమిషాలు 8 అయ్యేంత కాదు. ముందు బయటి బౌల్లో స్పన్ (మట్టిని ఆపే తెల్ల ఫిల్టర్) చూడండి. మార్చాక పాతదాన్ని కత్తితో అడ్డంగా కోయండి. పై పొర మాత్రమే ఎర్రబడి లోపల తెల్లగా ఉంటే తొందరపడ్డట్టు, మధ్య గొట్టం దాకా రంగు దిగితే ఆలస్యం చేసినట్టు. మీ ఇంటికి ఎన్నాళ్లకోసారి మార్చాలో ఆ ముక్కే చెబుతుంది. వరదల్లో ఎర్రనీరొచ్చే శ్రావణ భాద్రపదాల్లో నెల కూడా ఆగదు, చలికాలంలో మూడు నెలలు వస్తుంది.

కార్బన్ (క్లోరిన్‌ని ఆపే బొగ్గు ఫిల్టర్) మాత్రం చూస్తే తెలియదు. 14 నెలలంటే ఇప్పుడే మార్చేయండి, ఇక మీదట ఆరు నుంచి తొమ్మిది నెలలకోసారి. కాలువ వదిలాక క్లోరిన్ కలిపిన నీళ్లొస్తాయి. అరిగిన కార్బన్ దాన్ని ఆపలేదు, మెంబ్రేన్ పొర దెబ్బతింటుంది, ఎంత కడిగినా బాగుపడదు. లోపలికెళ్లే నీరు మారకుండానే ధార పెరిగి టీడీఎస్ కూడా పెరిగితే అది క్లోరిన్ దెబ్బే. అలాగే నీరు మారకుండా ధార తగ్గి టీడీఎస్ పెరిగితే సున్నం పేరుకున్నట్టు. కొత్త కార్బన్ వేశాక మెంబ్రేన్‌కి వెళ్లే పైపు ఊడదీసి, నల్లపొడి పోయేదాకా పది నిమిషాలు బకెట్లోకి వదలండి.

భీమవరం:
వేస్టు పైపు కూడా కొలవండి. 940 నీటికి లీటరు మంచినీళ్లకి కనీసం రెండు లీటర్లు పోవాలి. అంతకన్నా తక్కువ పోతుంటే ఫ్లో రెస్ట్రిక్టర్ (వేస్టు పైపులో ధారను అదుపు చేసే ముక్క) పూడింది, దాన్ని మార్చండి. దాన్ని వదిలేస్తే ఈ వేసవిలోనే మెంబ్రేన్‌కి సున్నం పడుతుంది. ఇవయ్యాక సీసా 6 నిమిషాల్లోపు నిండితే మెంబ్రేన్ జోలికి పోవద్దు.