హైకమాండ్‌ను తెలుగులో ఏమందాం? (జర్మన్ రేవు పట్టణం ఒకటి, చిక్కుముడి ఒకటి)

అనువాదంతో కుస్తీ పడుతున్నవాడు:
అందరికీ నమస్కారం. 1945 మే నెలలో జర్మనీ లొంగిపోవడం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. డెన్మార్క్ సరిహద్దు పక్కనే ఫ్లెన్స్‌బర్గ్ అని రేవు పట్టణం ఉంది. ఏప్రిల్ 30న హిట్లర్ చచ్చాక, అతని వీలునామా ప్రకారం నౌకాదళాధిపతి డోనిట్జ్ దేశాధ్యక్షుడూ సర్వసేనానీ అయ్యాడు. మే మొదటి వారంలోనే ఆ ఊరి శివార్లలో ఉన్న మ్యూర్విక్ నౌకాదళ అకాడమీకి మకాం మార్చాడు. కైటెల్, యోడ్ల్ అనే సేనాపతులు నడిపే ‘ఒబర్‌కమాండో డెర్ వేర్‌మాహ్ట్’, అంటే జర్మన్ సేనలన్నిటినీ నడిపే పై కార్యాలయం కూడా అక్కడికే చేరింది. ఇంగ్లీషువాళ్లు దీన్ని జర్మన్ హైకమాండ్ అంటారు.

నా తంటా అంతా ఈ మాటతోనే. మొదట ‘జర్మన్ అధిష్ఠానం’ అని రాసి ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడ కూర తరుగుతూ, “ఇంతకీ టికెట్ ఎవరికి ఇచ్చారట?” అంది. కొట్టేశాను. ఇప్పుడేం రాయాలో తోచడం లేదు.

తెలుగు మాస్టారు (రిటైరు):
మీ ఆవిడకి నా అభినందనలు చెప్పండి. పత్రికలు ఆ మాటని ఢిల్లీకి రాసిచ్చేసి చాలా కాలమైంది. నిజానికి ‘కాంగ్రెస్ హైకమాండ్’ అనే వాడుక 1930ల చివరికే ఉంది. మిలిటరీ మాటని పార్టీ అరువు తెచ్చుకుంది, దానికి మనవాళ్లు ‘అధిష్ఠానం’ తొడిగారు. ఇప్పుడు మీరు ఆ తొడుగుని తీసుకెళ్లి మిలిటరీకే తొడుగుతానంటే సరిపడదు.

తమాషా ఏమిటంటే, గుడి కట్టడంలో అధిష్ఠానం అంటే అడుగున ఉండే పీఠం. గోడలూ స్తంభాలూ దాని మీదే లేస్తాయి. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో కర్మకు ఐదు కారణాలు చెబుతూ ‘అధిష్ఠానం తథా కర్తా’ అంటే, అక్కడ శరీరం అని అర్థం చెప్పుకున్నారు. అడుగున ఉండాల్సిన మాట మన రాజకీయాల్లో నెత్తికెక్కి కూర్చుంది.

‘సేనాని’, ‘సేనాపతి’, ‘దండనాయకుడు’, ‘దళవాయి’ ఇవన్నీ మనుషులకు పేర్లు. ‘సేనానీనామహం స్కందః’ అన్నప్పుడు కూడా కుమారస్వామి ఒక్కడే. మీకు కావాల్సింది వ్యవస్థకు పేరు. అది మన పాత నిఘంటువుల్లో దొరకదు.

హాంబర్గ్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి:
మాస్టారూ, జర్మన్ వైపు నుంచి రెండు ముక్కలు. ‘ఒబర్’ అంటే ‘పై’ అని మాత్రమే. ఇక్కడ పాతకాలం హోటళ్లలో సర్వర్‌ని ‘హెర్ ఒబర్’ అని పిలిచేవారు, కాబట్టి ఆ మాట వినగానే బెదిరిపోనక్కర్లేదు. ‘ఒబర్‌స్ట్’ అంటేనే ‘అన్నిటికన్నా పైన’. మొదటి ప్రపంచ యుద్ధంలో ‘ఒబర్‌స్టె హేరెస్‌లైటుంగ్’ ఉండేది. అందులో ‘హేర్’ అంటే పదాతి, ఫిరంగులు ఉన్న భూసైన్యం మాత్రమే, నౌకాదళం దాని కింద లేదు. 1938 ఫిబ్రవరిలో హిట్లర్ పెట్టిన ఒబర్‌కమాండోలో ‘వేర్‌మాహ్ట్’ ఉంది, అంటే నేల, నీరు, గాలి మూడూ. మీరు ‘సైన్యం’ అని రాస్తే ఈ తేడా పోతుంది. ఫ్లెన్స్‌బర్గ్‌లో పైన కూర్చున్నది నౌకాదళం మనిషి, కింద కైటెల్ భూసైన్యం ఫీల్డ్ మార్షల్. ఆ తేడా మీ వ్యాసానికి పనికొస్తుంది కదండీ.

విశాఖ వాసి:
మా ఊళ్లో ఈ గొడవ ఎప్పుడో తేల్చేశాం. ఇంగ్లీషులో ‘ఈస్టర్న్ నేవల్ కమాండ్’, తెలుగు పేపర్లో ‘తూర్పు నౌకాదళం’. కమాండ్ అనే మాటని మింగేశారు, ఎవరికీ ఏమీ లోటు కనిపించలేదు. మీరూ ‘జర్మన్ సేనలు లొంగిపోయాయి’ అని రాసేయండి, లేకపోతే ‘జర్మన్ ప్రభుత్వం’ అనండి. చదివేవాడికి అర్థమవుతుంది.

అనువాదంతో కుస్తీ పడుతున్నవాడు:
అన్నా, ‘ప్రభుత్వం’ అని మాత్రం రాయలేను. నా వ్యాసం ప్రాణం అక్కడే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918 సంగతి చూడండి. యుద్ధం ఆపండి అని సెప్టెంబరు చివర్లో ముందుగా పట్టుబట్టింది జర్మన్ సైనిక నాయకత్వమే. తీరా నవంబరు 11న ఫ్రాన్స్‌లోని కోంపియేన్ అడవిలో రైలు పెట్టెలో సంతకం పెట్టడానికి వెళ్లిన బృందానికి పెద్ద ఎర్జ్‌బెర్గర్ అనే పార్లమెంటు సభ్యుడు. యుద్ధం నడిపిన పెద్ద జనరల్స్ చేతులకు సిరా అంటలేదు. ఆ తర్వాత ‘మా సైన్యం ఓడలేదు, ఇంట్లోవాళ్లు వెన్నుపోటు పొడిచారు’ అనే కథ పుట్టింది. (వెన్నుపోటు మాటకి మన దగ్గర వేరే చరిత్ర ఉంది, ఆ గొడవ ఇక్కడ వద్దు.) ఎర్జ్‌బెర్గర్‌ని 1921లో కాల్చి చంపారు.

1945లో మిత్రరాజ్యాలు ఫ్లెన్స్‌బర్గ్ వాళ్లను ప్రభుత్వంగా గుర్తించనే లేదు. మే 7 తెల్లవారుజామున ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో యోడ్ల్ పెట్టిన సంతకం కాగితంలో ‘ప్రభుత్వం’ ఊసు లేదు, ‘జర్మన్ హైకమాండ్ ఇచ్చిన అధికారంతో’ అని ఉంది. మర్నాడు రాత్రి బెర్లిన్ కార్ల్స్‌హోర్స్ట్‌లో కైటెల్‌తో పాటు నౌకాదళం తరఫున ఫ్రీడెబుర్గ్, వాయుసేన తరఫున ష్టుంప్ఫ్ కూడా సంతకాలు పెట్టారు. ఈసారి మూడు చేతులకూ సిరా అంటింది. హైకమాండ్‌ని నేను ‘ప్రభుత్వం’ అని తెలుగు చేస్తే, మిత్రరాజ్యాలు ఒప్పుకోనిదాన్ని నేను ఒప్పుకున్నట్టవుతుంది.

ఇంకో బాధ కూడా ఉంది. అదే వాక్యంలో లొంగేది ‘హైకమాండ్’ తరఫున, ఎవరికి లొంగుతున్నారో ఆయన మిత్రరాజ్యాల ‘సుప్రీం కమాండర్’, బెర్లిన్ కాగితంలో అయితే రెడ్ ఆర్మీ ‘సుప్రీం హైకమాండ్’ కూడా తోడు. మూడింటికీ ‘అత్యున్నత’ తగిలిస్తే ఎవరు ఎవరికి లొంగారో తెలియదు.

విశాఖ వాసి:
సరే తమ్ముడూ, నాది వెనక్కి తీసుకుంటున్నా. మా ‘తూర్పు నౌకాదళం’ రోజువారీ వార్తకి సరిపోతుంది, సంతకాల కాగితానికి సరిపోదు.

తెలుగు మాస్టారు (రిటైరు):
అయితే ఇలా చూడండి. మనిషికి ‘సర్వసేనాని’. వ్యవస్థకు ‘సేనానాయకత్వం’, రష్యావాళ్లది ‘సర్వోన్నత సేనానాయకత్వం’. ‘సేన’ అంటే భూసైన్యమే అనుకునే ప్రమాదం కొంత ఉంది, కానీ ‘నౌకాసేన’, ‘వాయుసేన’ అంటున్నాం కాబట్టి ‘సైన్యం’ కన్నా నయం.

హాంబర్గ్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి:
బాగుంది. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం ‘జర్మన్ సేనానాయకత్వం, అంటే ఒబర్‌కమాండో’ అని రాసి, ఆ తర్వాత తెలుగు మాటతో సాగండి. మే 13న కైటెల్‌ని పట్టుకెళ్లారు, మే 23న బ్రిటిష్ సైనికులు వచ్చి డోనిట్జ్‌నీ యోడ్ల్‌నీ అరెస్టు చేశారు కాబట్టి, మీ వ్యాసంలో ఆ మాట ఎక్కువసార్లు రాదులెండి.

అనువాదంతో కుస్తీ పడుతున్నవాడు:
మాస్టారి మాటే ఖాయం చేస్తున్నాను. ఇందాక ఇంట్లో మళ్లీ చదివాను: ‘జర్మన్ సేనానాయకత్వం ఇచ్చిన అధికారంతో, కింద సంతకం చేసిన మేము...’ ఈసారి మా ఆవిడ టికెట్ల సంగతి ఎత్తలేదు. “తర్వాత?” అంది.