పాపకి "మొల్ల" అని పేరు పెట్టొచ్చా?

ప్రశ్న: వచ్చే నెల బారసాల. నాకు "మొల్ల" అనే పేరు చాలా ఇష్టం. అత్తయ్యగారేమో "ఈ కాలంలో ఎవరు పెడతారమ్మా, అన్వి అనో ఆద్య అనో పెట్టు" అంటున్నారు. అర్థం, నేపథ్యం చెప్పగలరా?

జవాబు 1: మొల్ల అంటే ఒక రకం మల్లె, సంస్కృతంలో కుందం. తెల్లటి చిన్న పువ్వు. అసలు సిసలు తెలుగు మాట అండీ, నిఘంటువులో ఉంది. పెట్టండి.

జవాబు 2: మాది కడప జిల్లా. ఆతుకూరి మొల్ల మా గోపవరం మనిషేనని మా వైపు అందరూ చెప్పుకుంటారు. తండ్రి కేసన శివభక్తుడు. ఆమె రాసింది మాత్రం రామాయణం, అదీ తేలిక తెలుగులో. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద విగ్రహం కూడా ఉంది, అత్తయ్యగారిని ఒకసారి తీసుకెళ్లి చూపించండి.

జవాబు 3: మంచి పేరే. ఒక్క విషయం, బెంగాల్‌లో మొల్లా అనే ఇంటిపేరు మామూలే. ఇంగ్లీషులో రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఇబ్బంది అనిపిస్తే సర్టిఫికెట్‌లో "మొల్లమాంబ" అని రాయించండి, కవయిత్రిని అలా కూడా పిలిచేవారు.

ప్రశ్న అడిగినవారు: మొల్లమాంబ! అత్తయ్యగారికి చదివి వినిపించాను, "అమ్మవారి పేరులా ఉంది" అన్నారు. థాంక్సండీ.